గోడలో కంత

ఆదోనిలో పత్తి బండ్లు బారులు తీరే దినాలు.
ఫోను చేసి పిలిపించినాడు గుమాస్తా ఉరుకుందప్ప.
"మెయిలు వస్తాండాది కాశింబీ, గంటే మోగడం లేదు.
తలుపు తీసి చూస్తే చుట్టం అరుగు మీద కూర్చోనుంటాడు,
వచ్చినాడని చెప్పేవాళ్లే లేరు."

మొన్న కోయంబత్తూరు వాళ్లు అడిగిన రేటు
నాలుగ్గంటలు అట్లే పడి ఉండిందంట.
ఈయన చూసేసరికి వాళ్లు గుంటూరులో కొనేసినారు.
ఆ నూటిరవై బేళ్లు ఇంకా వాకిట్లోనే,
నా దారికి అడ్డంగా.

సంచి దించి కుర్చీ లాక్కున్నాను.
కీబోర్డు సందుల్లో దూది. బోర్లించి తడితే
పత్తిగింజ ఒకటి రాలింది.
బ్రౌజరులో ఉత్తరాలన్నీ ఉన్నాయి,
లావు అక్షరాల్లో, ఎవరూ ముట్టకుండా.
మూల గడియారం పక్కన
గంట కొట్టాల్సిన చిన్న ప్రోగ్రాం మాత్రం
బూడిదరంగులో, మూగగా.

"ఫైర్‌వాల్ అడ్డుకుంటాండాది" అన్నాను.
ఆయన కిటికీలోంచి గోడౌను వైపు చూసినాడు.
"ఆ గోడా?"

ప్రెస్సుకీ గోడౌనుకీ నడుమ
రెండు మూరల మందం.
ఇటువైపు సున్నం, అటువైపు ఇంకా మసి.
ఆయన ఇరవయ్యో ఏట నిప్పంటుకున్న రాత్రి
గోడ నిప్పును ఆపింది.
అటు పక్క అరుస్తున్న బజారన్న గొంతునూ ఆపింది.
"ఇటు పక్క మేము బీడీలు పంచుకుంటా కూర్చోనుంటిమి"
అన్నాడు, నాతో కాదు, మానిటరుతో.
బజారన్న ఏమైనాడో నేనడగలేదు.

జాబితా తెరిచినాను.
కంప్యూటరుతో పుట్టిన కావలి ఒకటి.
పోయిన ఉగాదికి ఎవరో అంటగట్టిన యాంటీవైరస్‌ది ఇంకొకటి.
ఒకే గేటుకి ఇద్దరు వాచ్‌మెన్లు:
ఒకడు పోనిమ్మంటే ఇంకొకడు చీటీ అడుగుతాడు.
రెండోవాణ్ని పడుకోబెట్టినాను. మోగలేదు.
మొదటివాడికి నచ్చజెప్పినాను. మోగలేదు.
టీ వచ్చింది, చల్లారింది.
కరెంటు పోయింది, వచ్చింది.
మల్లా మొదటినుంచి.

అప్పుడు కనబడింది.
అనుమతి ఉన్నది పాత ప్రోగ్రాముకి.
పోయిన నెల అది కొత్తదై వేరే ఫోల్డరుకి కాపురం మార్చింది.
పేరు అదే, ఇల్లు వేరే.
కావలివాడు పాత చిరునామా చేతబట్టుకొని
కొత్తవాణ్ని రోజూ వాకిట్లోంచే తిప్పి పంపుతున్నాడు,
పాపం, తన పని తాను నిజాయితీగానే.

"ఆ గోడేదో తీసేస్తే పోలా?"
తలుపు దగ్గర ఓనరు కొడుకు, ఫోను మీదనుంచి కన్నెత్తకుండా.
నాకంటే ముందు ఉరుకుందప్పే అన్నాడు:
"గోడ తీయగూడదు నాయనా. కంత పెట్టాల."

నిప్పు తరువాత వాళ్లు చేసిందదేనంట.
గోడకి రెండు వేళ్లు పట్టే కంత,
అందులోంచి తాడు,
తాడు కొసకి ఇటు పక్క గంట.

రెండు వేళ్లు పట్టేంతే.
తొమ్మిదివందల తొంభైమూడో నంబరు దారి,
ఆ ఒక్క ప్రోగ్రాముకి,
బయటికి పోయి అడిగి రావడానికి మాత్రం.
సేవ్ నొక్కినాను.

నా ఫోనులోంచి ఒక మెయిలు: "వచ్చిందా?"
గదంతా గమ్మున ఉండింది.
దూరంగా జిన్ను మోత.

టంగ్.

"మీ తాత విల్లు మోత మాదిరుండాది" అన్నాడు.
మా తాత ఇంటింటికీ పోయి పరుపుల దూది ఏకేవాడు.
ఆ మోత నేను వినలేదు, ఈయన విన్నాడు.
"ఇంకొకటి పంపు."
టంగ్.
"ఇంకొకటి."
నాలుగోదానికి, ఒక్క వేలితో
ఒక్కో అక్షరం వెతుక్కుంటా జవాబు కొట్టినాడు:
"వచ్చింది."

మూడువందల యాభై. నోట్ల మీద నూగు.
పోతా పోతా గోడ దగ్గర ఆగినాను.
కంత ఇంకా ఉంది. తాడు లేదు.
ఎవరో బీడీ ముక్క దోపినారు.
దాన్ని గోటితో లాగి పారేసి చెవి ఆనించినాను.
అటు పక్క ఎవరో బేళ్లు లెక్కబెడుతున్నారు:
నలభై ఒకటి, నలభై రెండు